జానెడు తక్కువగా లేపిన బంతి

నేను డిగ్రీ రెండో ఏడాదిలోకి వచ్చిన నెలలోనే మా కాలేజీ వాలీబాల్ టీమ్‌లోకి హంసలదీవి దగ్గరి పల్లెపాలెం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నేను గుడివాడ నుంచి రోజూ పాసింజర్ రైల్లో బందరు వెళ్లి చదువుకునేదాన్ని. ఆ అమ్మాయి బందర్లోనే హాస్టల్లో ఉండేది. మేమెవరం పేరు పెట్టి పిలవలేదు. దివిసీమ నుంచి వచ్చిందని "దీవి" అన్నాం. మొదట్లో అది ముద్దు పేరే.

టీమ్‌లో నేను లిఫ్టర్‌ని. అవతలి నుంచి వచ్చిన బంతిని మావాళ్లలో ఒకరు ఆపి నాకు అందిస్తారు. నేను దాన్ని వేళ్లతో నెట్ పక్కన పైకి లేపుతాను. ఇంకొకరు పరిగెత్తుకొచ్చి, ఎగిరి, కొడతారు. చూసేవాళ్లకి కొట్టిన మనిషే కనిపిస్తుంది, చప్పట్లు ఆమెకే. కానీ ఆ బంతి ఎవరికి వెళ్లాలి, ఎంత ఎత్తులో వెళ్లాలి అనేది నా చేతుల్లో ఉండేది. ఆ సంగతి అప్పటిదాకా నాకు గర్వంగా ఉండేది.

దీవిని మొదటిరోజు మా ఆటల మాస్టారు పీడీ గారు ఎడమ పక్క నిలబెట్టి, నన్ను నాలుగు బంతులు లేపమన్నారు. మొదటిది కొట్టినప్పుడు వచ్చిన చప్పుడుకి పక్క కోర్టులో ఆడుతున్నవాళ్లు ఆగి చూశారు. చిన్నప్పటి నుంచి సముద్రం ఒడ్డున ఇసకలో అన్నలతో ఆడిందట. ఇసకలో ఎగరడం అలవాటైన కాళ్లు గట్టినేల దొరికేసరికి ఎక్కడికో వెళ్లిపోయేవి. నాలుగో బంతికి పీడీ గారు విజిల్ నోట్లోంచి తీసి, "రేపట్నుంచి ఎడమ పక్క నువ్వే" అన్నారు.

అప్పటిదాకా ఎడమ పక్క ఆడేది మా కెప్టెన్ పిన్ని కూతురు. ఆ మాట విని ఆమె బూట్ల లేసులు విప్పుకుంటూ కూర్చుండిపోయింది. తల ఎత్తలేదు.

కెప్టెన్ గురించి చెప్పాలి. ఆమె నాకంటే ఒక ఏడాది పెద్ద. నేను మొదటి ఏడాది ఆడిన మొదటి మ్యాచ్‌లో వరసగా మూడు బంతులు జారవిడిచాను. ఓడిపోయాం. పీడీ గారు అందరి ముందూ నన్ను నిలదీస్తుంటే ఆమె ముందుకొచ్చి, "సార్, పాస్ నేనే బాగా ఇవ్వలేదు. తనదేం లేదు" అంది. అది అబద్ధం. ఆ ఒక్క అబద్ధంతో నేను ఏడాదంతా ఆడగలిగాను. వెనక ఆమె ఉందంటే నా వేళ్లు వణికేవి కావు. ఆమె ఏం చెప్పినా చేసేదాన్ని.

అక్కాచెల్లెళ్లిద్దరూ పెడనలో రైలెక్కేవాళ్లు. గుడివాడ నుంచి వాళ్ల కోసం నేను సీట్లు ఆపేదాన్ని. పీడీ గారు దీవి పేరు చెప్పిన మర్నాడు చెల్లెలు కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కెప్టెన్ నా చెవి దగ్గరికి వంగింది.

"నువ్వు దానికి లేపమాకే."

"ఎవరికక్కా?"

"ఎవరికేంటి? దీవికి."

"సార్ అడుగుతారు కదా."

"పాస్ సరిగ్గా రాలేదని చెప్పు. నాలుగు రోజులు బాల్ అందకపోతే సారే తీసి పక్కన పెడతారు. ఏం, నీకేమన్నా ఇబ్బందా?"

చెల్లెలు అటే చూస్తూ ఉంది కానీ వింటోందని తెలుస్తూనే ఉంది. ఇబ్బందేం లేదన్నాను.

ఆ వారమంతా బంతి నా చేతికి వచ్చినప్పుడల్లా కుడిపక్కకో, మధ్యకో లేపాను. దీవి ఎడమ చివర నుంచి పరిగెత్తుకొచ్చి, "అక్కా, నాకు!" అని అరుస్తూ ఖాళీగా ఎగిరి దిగేది. పాపం మనిషి ప్రతిసారీ ఎగిరేది, ఈసారి ఇస్తానేమో అని. మూడో రోజో నాలుగో రోజో పీడీ గారు ఆట ఆపి, "ఎడమ పక్క మనిషి లేదనుకున్నావా?" అని నన్ను అడిగారు.

ఆ సాయంత్రం స్టేషన్లో కెప్టెన్ అంది: "సరే, ఇవ్వు. కానీ మంచిది ఇవ్వమాకు."

అది ఎంత తేలికో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బంతిని ఒక జానెడు తక్కువగా లేపితే చాలు. లేదా నెట్‌కి ఒక జానెడు దగ్గరగా. బయటి నుంచి చూసేవాళ్లకి తేడా తెలీదు. కొట్టే అమ్మాయి మాత్రం గాల్లోకి లేచాక చెయ్యి చాపడానికి చోటుండదు. బంతి నెట్‌కి తగులుతుంది. తప్పు ఆమెదిగా కనిపిస్తుంది.

అలాగే కనిపించింది. "మొదటిరోజు ఏం కొట్టావమ్మా, ఇప్పుడేమైంది?" అని పీడీ గారు ఆమెని విసుక్కోవడం మొదలుపెట్టారు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని వినేది. ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక నేను కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే వచ్చి నిలబడింది.

"అక్కా, నేను ముందే లెగుస్తున్నానా?"

నేను నీళ్లు మొహమ్మీద చల్లుకుంటూనే ఉన్నాను.

"నీకు తెలుసుద్ది కదక్కా, నువ్వే కదా లేపేది. ముందే లెగుస్తున్నానా, లేటుగానా?"

"కొంచెం ముందే" అన్నాను.

మర్నాటి నుంచి ఆమె ఒక అడుగు ఆలస్యంగా పరిగెత్తడం మొదలుపెట్టింది. నా చెడ్డ బంతికి తగ్గట్టు తన అందమైన దూకుడుని తానే పాడుచేసుకుంటోంది. నా కళ్ల ముందే.

అప్పటి నుంచి నాకు పొద్దున్నే తిండి సయించేది కాదు. అమ్మ పెట్టిన ఇడ్లీ సగంలో వదిలేసి స్టేషన్‌కి పరిగెత్తేదాన్ని. రైలు కవుతరం దాటిందంటే ఇక పెడన గురించే ఆలోచన. పెడనలో వాళ్లు ఎక్కుతారు, ఈ రోజు ఏం చెబుతారో. అరచేతుల్లో ఊరికే చెమట పట్టేది. చున్నీకి తుడుచుకుంటే మళ్లీ పట్టేది. పరీక్షలకి కూడా నాకెప్పుడూ అలా కాలేదు.

ఇంకో సంగతి నేను అనుకోనిది. ఒకరికి చెడ్డ బంతి, మిగతావాళ్లకి మంచి బంతి లేపుతూ పోవచ్చని నేననుకున్నాను. వేళ్లు అలా విడదీసుకోలేదు. నెలరోజులయ్యేసరికి కెప్టెన్‌కి లేపిన బంతులు కూడా తక్కువగా పోతున్నాయి. ఆమె ఒకటి రెండు సార్లు నా వంక వింతగా చూసింది. "నాక్కూడానా?" అంది నవ్వుతూ. ఆ నవ్వు చూసి నాకు భయం వేసింది.

ఇదంతా నేను ఒక్కదాన్నే చేసింది కాదు. పాయింట్ వచ్చినప్పుడల్లా ఆరుగురూ మధ్యలోకి వచ్చి చేతులు తట్టుకోవడం మా అలవాటు. దీవి పాయింట్ కొడితే ఎవరి చోట్లోకి వాళ్లు వెళ్లిపోయేవాళ్లు. ఆమె చెయ్యి చాపి, ఎవరూ రాకపోతే, ఆ చేతిని ట్రాక్ ప్యాంటుకి తుడుచుకున్నట్టు చేసేది. కెప్టెన్ కొత్త వాట్సాప్ గ్రూప్ పెట్టింది. అందులో దీవి లేదు. ఒక ఆదివారం ప్రాక్టీసు పొద్దున్నుంచి సాయంత్రానికి మారిందని అందులోనే చెప్పారు. సాయంత్రం మేం వెళ్లేసరికి ఆమె గ్రౌండ్ పక్క మెట్ల మీద కూర్చుని ఉంది. పొద్దున ఏడింటికి వచ్చిందని, హాస్టల్‌కి పోతే మళ్లీ బయటికి పంపరని అక్కడే ఉండిపోయిందని వాచ్‌మన్ చెప్పాడు. మధ్యాహ్నం భోజనం చేసిందా అని మాలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు తర్వాత ఆమె కోర్టులో "నాకు!" అని అరవడం మానేసింది.

పీడీ గారికి తెలియదా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. ఏదో ఉందని తెలిసే ఉంటుంది. "ఆడపిల్లలు, వాళ్లే సర్దుకుంటారు" అని ఆయన ఎవరితోనో అనడం ఒకసారి విన్నాను.

దసరా సెలవులు అయ్యాక అవనిగడ్డలో కాలేజీల టోర్నమెంట్ పెట్టారు. దీవి వాళ్ల ఊరికి దగ్గరే కాబట్టి ఆమె వాళ్లమ్మ, ఇద్దరు పిన్నులు ఆటోలో వచ్చారు. వాళ్లమ్మ మా అందరి కోసం స్టీలు క్యాన్‌లో మజ్జిగ తెచ్చింది. గ్లాసులు తానే కడిగి, ఒక్కొక్కరికీ పోసి ఇచ్చింది. నా దగ్గరికి వచ్చినప్పుడు, "నువ్వేనా అమ్మా మా పిల్లకి బంతి లేపేది? ఫోన్లో రోజూ నీ గురించే చెబుద్ది" అంది.

ఏం చెబుతుందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

సెమీఫైనల్ మూడో సెట్ దాకా వచ్చింది. పదకొండు పదకొండు. పదిహేను వస్తే గెలుపు. ఆ మ్యాచ్‌లో దీవికి సగం బంతులు బాగానే లేపాను. వాళ్లమ్మ గీత అవతల నిలబడి చూస్తుండటం వల్ల కావచ్చు. లేపిన ప్రతిసారీ కెప్టెన్ వైపు చూడకుండా ఉండటానికి నేల వంక చూసేదాన్ని. అవతలివాళ్లు గట్టిగా సర్వ్ చేశారు. ఎడమ పక్క చోటు పోయాక వెనక వరసలో ఆడుతున్న కెప్టెన్ చెల్లెలు దాన్ని ఎలాగో ఆపింది. బంతి నా వైపు వంకరగా వచ్చింది. కుడిపక్క నుంచి కెప్టెన్ "నాకు, నాకు!" అని అరుస్తోంది. ఎడమ పక్క దీవి అరవలేదు కానీ అప్పటికే పరుగు మొదలుపెట్టింది.

దీవికి లేపాను.

బంతి వేళ్లు వదిలిన క్షణంలోనే అది తక్కువగా పోయిందని నాకు తెలిసింది. నెట్ మీదికి పోయింది. ఆమె దానికోసం ముందుకి వాలి, నెట్ మీదుగా ఎలాగో తట్టింది. పాయింట్ వచ్చింది కూడా. కానీ దిగేటప్పుడు ఆమె కాలు మధ్య గీత దాటి అవతలి అమ్మాయి పాదం మీద పడింది. చీలమండ పక్కకి మడతపడిపోయింది. ఆ చప్పుడు నేను విన్నాను. ఆమె అరిచిన అరుపు దాని తర్వాత వినపడింది.

నేను మోకాళ్ల మీద ఆమె పక్కన కూలబడ్డాను. ఆమె కాలు పట్టుకుని, పళ్లు బిగించి, నా వంక చూసి, "సారీ అక్కా" అంది.

వాళ్లమ్మ చెప్పులు లేకుండా కోర్టులోకి పరిగెత్తుకొచ్చింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదని, లిగమెంట్ చినిగిందని చెప్పారు. రెండు నెలలు కాలు కింద పెట్టకూడదన్నారు. మేం మ్యాచ్ ఓడిపోయాం. బందరు తిరిగొచ్చే బస్సు పులిగడ్డ దాటి మోపిదేవి వచ్చింది. అక్కడ గుడికి వచ్చినవాళ్లు ఎక్కి బస్సు నిండిపోయాక, ఆ రద్దీలో నేను కెప్టెన్ పక్కకి జరిగాను.

"అక్కా, మనం చేసింది తప్పు."

"ఏం చేశాం మనం?" అంది. "బాల్ ఇవ్వమాకు అన్నాను. అంతే. కాలు విరగ్గొట్టమన్నానా నేను?"

ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. చల్లపల్లి దాకా ఏడుస్తూనే ఉంది. నాకు ఏడుపు రాలేదు. ఒక్కటే ఆలోచన. ఆ చివరి బంతి నేను కావాలని తక్కువగా లేపానా, లేక మంచిది లేపుదామనుకుంటే చేతులు అలవాటు కొద్దీ అలా చేశాయా? ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఎన్నిసార్లు ఆ క్షణాన్ని కళ్ల ముందుకు తెచ్చుకున్నానో లెక్క లేదు. ఒక్కోసారి మంచిదే లేపబోయాననిపిస్తుంది. ఇంకోసారి, అలా అనుకుంటే హాయిగా ఉంటుంది కాబట్టి అనుకుంటున్నాననిపిస్తుంది.

రెండు రోజులు కాలేజీ మానేశాను. మూడో రోజు పీడీ గారి గదికి వెళ్లి నిలబడి మొత్తం చెప్పాను. రైల్లో మాట దగ్గర్నుంచి. ఎవరు చెప్పారు అన్నది చెప్పలేదు, నేను చేశాను అని మాత్రం చెప్పాను. ఆయన చాలాసేపు బల్ల మీద విజిల్ తాడు చుడుతూ విప్పుతూ కూర్చున్నారు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నారు చివరికి.

"భయమేసింది సార్."

"ఎవరంటే?"

ఆయనకి జవాబు తెలిసే ఉంటుంది. వారం తిరక్కుండా కెప్టెన్సీ వేరే అమ్మాయికి ఇచ్చారు.

నేను చెప్పానని అందరికీ తెలిసిపోయింది. పెడనలో వాళ్లు వేరే పెట్టె ఎక్కడం మొదలుపెట్టారు. నేను అలవాటుగా ఆపిన సీట్లలో ఎవరో కూర్చునేవాళ్లు. ప్రాక్టీసులో నాకు పాస్‌లు అడ్డదిడ్డంగా రావడం మొదలైంది, ఒకటి మోకాళ్ల దగ్గర, ఒకటి నెత్తి మీద. నీళ్ల సీసా నా దాకా వచ్చేసరికి ఖాళీ అయ్యేది. వాట్సాప్ గ్రూప్‌లో నేను ఉన్నాను కానీ అందులో మాటలు ఆగిపోయాయి. ఇంకోటి పెట్టుకుని ఉంటారు. రోజూ గ్రౌండ్ గేటు దగ్గర ఆగి, లోపలికి వెళ్లాలా, తలనొప్పని చెప్పి వెళ్లిపోవాలా అని ఆలోచించేదాన్ని. నాకు అలా ఇరవై రోజులు జరిగింది. దీవికి నాలుగు నెలలు జరిగింది. పైగా ఎందుకు జరుగుతోందో ఆమెకి ఎవరూ చెప్పలేదు.

అసలేం జరుగుతోందో కూడా ఆమెకి తెలియదని నేను అనుకున్నాను.

కార్తీకమాసంలో ఒక ఆదివారం కోడూరు దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వాళ్ల ఊరు వెళ్లాను. దారి పొడవునా వరి కోతకొచ్చి ఉంది. ఏం చెప్పాలో ఆటోలో పైకే అనుకుంటూ కూర్చున్నాను. డ్రైవర్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. దీవి వాళ్ల ఇంటి ముందు మంచం మీద కాలు దిండు పైన పెట్టుకుని కూర్చుని ఉంది. వాళ్లమ్మ నన్ను చూసి సంతోషంగా కుర్చీ తెచ్చి వేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఆమె తిరిగి వచ్చేలోపే చెప్పెయ్యాలని గబగబా మొదలుపెట్టాను.

"నేను నీకు కావాలనే—"

"తెలుసక్కా" అంది.

వాళ్లమ్మ వస్తోందేమో అని నేను గుమ్మం వైపు చూశాను.

"బాల్ చెయ్యి వదిలేటప్పుడే తెలుసుద్ది కదా. మొదటిరోజు ఎట్లా లేపావో నేను మర్చిపోతానా?"

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగాను. ముందే లెగుస్తున్నానా అని అడగలా?" ఆమె కాలి కట్టు అంచు వేలితో సర్దుకుంది. "నువ్వు ఎందుకిట్లా లేపుతున్నావని అడిగితే అసలుకే ఇవ్వరని అట్టా అడిగాను. నీకు జాలేసి సరిగ్గా లేపుతావేమోనని."

కోర్టు మధ్యలో చేతులు తట్టుకోవడానికి తనకి మాలో ఒక్కదాని చెయ్యి కూడా అందలేదు గానీ, మనసులో ఇంత లెక్క కట్టుకుని మౌనంగా ఆడిందన్నమాట ఈ పిల్ల అనుకున్నాను. క్షమించమని అడిగాను. ఆమె క్షమించానని అనలేదు. క్షమించలేదనీ అనలేదు. "అమ్మకి మాత్రం చెప్పమాకక్కా. నువ్వు మంచిదానివని చెప్పుకున్నాను" అంది.

వాళ్లమ్మ టీ తెచ్చింది. తాగాను. నేను బయల్దేరేటప్పుడు ఆమె ఎండురొయ్యలు పొట్లం కట్టి ఇచ్చింది, మీ అమ్మకి ఇవ్వమని. కాదనే మొహం నాకు లేదు.

దీవి మా కాలేజీకి తిరిగి రాలేదు. ఆ మరుసటి ఏడాది టీసీ తీసుకుని గుడివాడలో ఇంకో కాలేజీలో చేరింది. మా చివరి ఏడాదిలో గుడివాడలోనే వాళ్లతో మ్యాచ్ పడింది. అప్పటికి మా టీమ్‌లో సగంమంది కొత్తవాళ్లు. నా చుట్టూ మళ్లీ మనుషులు చేరారు. నెట్ అవతల ఆమెని చూసి నా అరచేతుల్లో మునుపటిలాగే చెమట పట్టింది. వాళ్ల లిఫ్టర్ పొట్టిగా ఉండే, ఎప్పుడూ నవ్వే అమ్మాయి. ఆమె లేపినవన్నీ గొప్పగా ఏం లేవు, కొన్ని నా జానెడు తక్కువ బంతుల కంటే హీనం. అయినా దీవి కొట్టేది. కొట్టలేకపోతే ఆ పొట్టి అమ్మాయి పరిగెత్తుకెళ్లి "నాదే, నాదే తప్పు" అని ఆమె భుజం మీద చెయ్యి వేసేది. దీవి కోర్టంతా వినపడేలా బంతి అడుగుతోంది. మమ్మల్ని వరసగా రెండు సెట్లు ఓడించారు. మ్యాచ్ అయ్యాక నెట్ కింద నుంచి అందరి చేతులూ కలిపినట్టే నా చెయ్యీ కలిపి వెళ్లిపోయింది.

నేను ఇప్పుడు గుడ్లవల్లేరు వైపు ఒక హైస్కూల్లో పీఈటీ టీచర్ని. దీవికి పోలీసు ఉద్యోగం వచ్చింది, డిపార్టుమెంటు టీమ్‌కి ఆడుతోంది. పండగలకి మెసేజ్ పెడితే జవాబిస్తుంది. అంతకంటే ఎక్కువ నేను అడగలేదు.

పోయిన వేసవిలో మా పాత టీమ్‌లో ఒకామె పెళ్లికి బందరు వెళ్లాను. భోజనాల దగ్గర కెప్టెన్ కనిపించింది. ఒడిలో మూడేళ్ల పాప. నన్ను చూసి కళ్లు తిప్పుకుంటుందేమో అనుకున్నాను. ఆమే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. పాపకి పెరుగన్నం తినిపిస్తూ చాలాసేపు ఏవేవో మాట్లాడింది. విస్తరి తీసేముందు తల ఎత్తకుండా అడిగింది.

"ఆ అమ్మాయి కాలు ఇప్పుడెలా ఉంది?"

"బాగానే ఉందక్కా. ఆడుతోంది."

"నెంబర్ ఉందా నీ దగ్గర?"

ఇచ్చాను. ఫోన్లో నెంబరు కొట్టుకుని, పేరు దగ్గర ఆగింది. "అసలు పేరేంటే దానిది?" అంది. చెప్పాను. అక్షరం అక్షరం టైప్ చేసుకుంది.

"చేస్తావా అక్కా?"

"చూస్తాను" అంది. పాప మూతి తుడిచి లేచింది.

చేసిందో లేదో నాకు తెలీదు. ఇద్దర్లో ఎవరినీ అడగలేదు.